నువ్వుండ, బంపరు

హజరత్తయ్య ముందుపన్ను విరగ్గొట్టింది వెస్టిండీస్ ఫాస్ట్ బౌలరని తోటపల్లి గూడూరులో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. తెలియనిదల్లా ఆ వెస్టిండీస్ ఆయనకే. పాపం, ఆయన మద్రాసులో టెస్టు మ్యాచి ఆడి, తీసుకోవలసిన వికెట్లు తీసుకొని, తన దారిన తాను పోయాడు. నెల్లూరు జిల్లాలో తన పేరు మీద ఒక పన్ను కూడా రాలిందని ఆయనకు కబురు చేసినవాళ్ళు లేరు.

హజరత్తయ్యది ఇందుకూరుపేట. కసుమూరు దర్గాలో మొక్కుకున్నాక పుట్టాడని ఇంట్లోవాళ్ళు ఆ పేరు పెట్టారు. కొంచెం మాగాణి, నెల్లూరు కాలేజీలో సగంలో ఆగిన చదువు, నిండా క్రికెట్ పిచ్చి, ఇవీ అతని ఆస్తులు. నెల్లూరులో వకీలు రంగనాయకులు గారు నడిపే క్లబ్బులో అతను ఆఖరి బ్యాట్స్‌మన్. అతని వంతు వచ్చేలోపల ఓటమి వచ్చేసేది కాబట్టి ప్యాడ్లు కట్టుకోవడంలోనూ విప్పుకోవడంలోనూ మాత్రం మంచి అనుభవం సంపాదించాడు.

1959 జనవరిలో మద్రాసు టెస్టు చూడటానికి పోయాడు. ఎండకు నెత్తిన తుండుగుడ్డ వేసుకొని గ్యాలరీలో కూర్చున్నాడు. వెస్టిండీస్ బౌలరు పరుగు మొదలుపెట్టిన చోటికీ వికెట్లకీ మధ్య ఒక మడి నాటు వేసుకోవచ్చు. అంత దూరం నుంచి మనిషి రావడం కనిపించింది, చెయ్యి తిరగడం కనిపించింది, ఆ తరువాత బంతి మాత్రం కనిపించలేదు. బ్యాట్స్‌మన్ తల వెనక్కి విరుచుకోవడం చూసి, బంతి ఆ చుట్టుపక్కల ఎక్కడో ఉందని తెలుసుకోవాలి. గ్యాలరీలో కూర్చున్న హజరత్తయ్యకే భయం వేసింది. ఈ జన్మలో అలాంటి బౌలరు ఎదుట బ్యాటు పట్టుకోకూడదని అక్కడే ఒట్టు పెట్టుకున్నాడు. రంగనాయకులు గారి క్లబ్బులో ఉన్నంతకాలం ఆ ఒట్టుకు వచ్చే ప్రమాదమేమీ లేదు.

మాఘమాసంలో అతనికి తోటపల్లి గూడూరు జయశీలతో పెళ్ళయింది. మనుగుడుపులకు అత్తగారింటికి వెళ్ళాడు. అసలు కథ అక్కడ జరిగింది.

అత్తగారు వెంకటశేషమ్మ. భర్త పోయి చాలాకాలమైంది. శుభకార్యాల్లో విధవ ఎదురు రాకూడదు, పసుపు ముట్టకూడదు, పెళ్ళిపందిట్లోకి అడుగు పెట్టకూడదు. ఈ ధర్మాలన్నీ ఊళ్ళో అందరికీ కంఠతా వచ్చు. ఆమెలాగా పాకం పట్టడం మాత్రం ఎవరికీ రాదు. తీగపాకం ఎప్పుడు ఉండపాకం అవుతుందో, ఉండపాకం ఎప్పుడు ముదిరి చెడిపోతుందో బెల్లం పొంగు వాసన చూసి చెప్పగలదు. అందుకని ఎవరింట్లో పెళ్ళయినా సారె అరిసెలకూ ఉండలకూ వెంకటశేషమ్మే రావాలి. పందిట్లోకి పనికిరాని మనిషి పెరట్లో పొయ్యి దగ్గరికి పనికివస్తుంది. శాస్త్రంలో ఇలాంటి వెసులుబాట్లు ఎక్కువగా తిండి దగ్గరే కనిపిస్తాయి. ఏది ఏమైనా, ఆ పొయ్యి దగ్గర గడిచే రోజులే వెంకటశేషమ్మ నలుగురిలో నవ్వుతూ కూర్చునే రోజులు. ఆమెకు వేరే పండుగలు లేవు.

అలాంటి మనిషి, సొంత అల్లుడికి చేసిన నువ్వుండల పాకం ముదరబెట్టింది. సంతోషం ఎక్కువై పరధ్యానంలో పడిందో, దిష్టే తగిలిందో. చావడి నిండా ఆడవాళ్ళు. కొత్తల్లుడు మొదటి ఉండ కొరికితేగాని మిగతావి ఊళ్ళో పంచరు. హజరత్తయ్య కొరికాడు. ఠక్కుమని చప్పుడైంది. ఉండ విరిగిందని అందరూ అనుకున్నారు. ఉండకు ఏమీ కాలేదు.

నోటినిండా రక్తం. చెయ్యి అడ్డం పెట్టుకొని తలెత్తితే ఎదురుగా అత్తగారు. ఆమె ముఖంలో నెత్తురుచుక్క లేదు. పక్కనే ఆమె తోడికోడలు ఆదిశేషమ్మ. ఆదిశేషమ్మ చేతికి పాకం ఏనాడూ కుదిరేది కాదు. అందువల్ల పాకం విషయంలో ఆమెకు అభిప్రాయాలు ఎక్కువ.

"ఏందబ్బయ్యా, పన్నూడిందా? అక్క చేసిన ఉండ అంత గట్టిగుందా?" అని అడిగింది ఆదిశేషమ్మ, ఎంతో దిగులుగా.

హజరత్తయ్య జీవితంలో మొదటిసారి సమయానికి బ్యాటు అడ్డం పెట్టాడు.

"ఉండదేం లేదు చిన్నత్తా. మొన్న మద్రాసులో క్రికెట్ బంతి తగిలి ఆ పన్ను అప్పుడే కదిలింది. ఇప్పుడు ఊడింది, అంతే."

"బంతి ఎవురేసినారు?"

"వెస్టిండీస్ ఆయన."

"ఆట చూసేదానికి పోయినోడికి బంతి ఎట్ట తగిలింది?"

ప్రశ్న న్యాయమైనదే. అబద్ధమాడితే అతికినట్టుండాలని పెద్దలు చెప్పారు గాని, అది అతకడానికి ఇంకెన్ని అబద్ధాలు కావాలో చెప్పలేదు.

"చూసేదానికే పోయినా. మ్యాచికి ముందు ప్రాక్టీసులో నన్ను కూడా ఆడమన్నారు. ఆయన బంపరేసినాడు."

"బంపరంటే?"

"మూతి మీదికొచ్చేది."

వెంకటశేషమ్మకు ప్రాణం లేచొచ్చింది. "అంత నొప్పి పెట్టుకొని పీటల మీద ఎట్ట కూర్చున్నావు నాయనా" అని కళ్ళొత్తుకుంది. నెత్తురు చూసిన ఉండలు ఊళ్ళో పంచకూడదని మిగతావన్నీ లోపల పెట్టించింది. ఆ సాయంత్రం ఆమె పెరట్లో ఒక నువ్వుండను రోకలితో పగలగొట్టి, అందులో ఇరుక్కున్న పన్ను బయటికి తీసి, ఎరువుదిబ్బలో పాతిపెట్టడం హజరత్తయ్య దొడ్డివాకిలి నుంచి చూశాడు. అతను చూసిన సంగతి ఆమె కూడా చూసింది. ఇద్దరూ దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆ రోజు నుంచి ఆమె అల్లుడి కంచంలో నెయ్యి గరిటెతో వడ్డించడం మానేసి గిన్నెతో వంచేది.

అల్లుడు ఒకసారి ఆడి ఊరుకున్న అబద్ధాన్ని అత్తగారు పెంచి పెద్దచేసింది. ఆమెకు ఆ అవసరం ఉంది మరి. ఎవరింట్లో పొయ్యి దగ్గర కూర్చున్నా, బెల్లం కరిగే లోపల "మా అబ్బయ్య మద్రాసులో" అని మొదలుపెట్టేది. రెండేళ్ళలో వెస్టిండీస్ బౌలరు తాటిచెట్టంత పెరిగాడు. ఆయన వేసిన బంపర్లు గంపెడయ్యాయి. చివరికి ఆయన బంతి కింద పారేసి, హజరత్తయ్య భుజం తట్టి, "నీలాంటి మొగోణ్ణి నేను చూడలేదబ్బయ్యా" అన్నాడట, అదీ నెల్లూరు తెలుగులో. హజరత్తయ్య ఏదీ ఖండించలేదు. నిజం చెప్పాలంటే ఆ కథ అతనికీ రుచి తగిలింది. రైసుమిల్లు దగ్గర ఎవరైనా అడిగితే పై పెదవి ఎత్తి ఖాళీ చూపించేవాడు. అడగకపోతే ఆవులించేవాడు.

ఆ కీర్తి 1961 వేసవిలో మెడకు చుట్టుకుంది. మద్రాసు నుంచి ఒక టీము నెల్లూరుకు వస్తున్నదనీ, అందులో పోలేరయ్య ఉన్నాడనీ తెలిసింది. పోలేరయ్య వాళ్ళది తడ దగ్గర, పులికాట్ ఒడ్డున చేపలు పట్టే కుటుంబం. అతనికి మద్రాసు హార్బరులో పని, ఆదివారాలు ఫాస్ట్ బౌలింగు. అతను వేసిన బంతికి స్టంపు రెండు ముక్కలైందనీ, ఒక బ్యాట్స్‌మన్ ఆట మానేసి కాశీకి పోయాడనీ, మైపాడు నుంచి చేపలు తెచ్చేవాళ్ళు కూడా చెప్పుకుంటున్నారు. పోలేరయ్య వాళ్ళకు దూరపు చుట్టమట. దగ్గరి చుట్టం కానందుకు వాళ్ళు ఎంతో బాధపడ్డారు.

ఈ కబురుతో రంగనాయకులు గారి క్లబ్బులో ఆరోగ్యాలు దెబ్బతిన్నాయి. ఒక ఓపెనరుకు కామెర్లు వచ్చాయి. ఇంకో ఓపెనరుకు మేనత్త చనిపోయింది. ఆమె ఇదివరకు కూడా గట్టి బౌలర్లు వచ్చినప్పుడల్లా చనిపోతూనే ఉండేది.

రంగనాయకులు గారు మాత్రం నిబ్బరంగా ఉన్నారు. "మనకేం భయమయ్యా. వెస్టిండీస్ వాళ్ళ బంపర్లు నోటితో ఆపినోడు మనలో ఉంటే ఈ తడ పిల్లోడొక లెక్కా. హజరత్తయ్యా, ముందు దిగేది నువ్వే" అన్నారు. వకీలు గారు ఏ కేసులోనూ ఒక సాక్షిని ఇంత తేలిగ్గా నమ్మి ఎరగరు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇంటికొచ్చి జయశీల దగ్గర మొరపెట్టుకున్నాడు. ఆమెకు అసలు సంగతి తెలుసు. పెళ్ళాం దగ్గర పన్ను దాచడం ఎవరి తరం.

"మా అమ్మ పాకం కోసం తల పగలగొట్టుకుంటారా? జొరమని ముసుగు తన్ని పడుకోండి" అంది జయశీల.

సలహా బాగానే ఉంది. ఆ జ్వరం సంగతి అత్తగారి చెవిన ముందుగా వేసి రావడం మర్యాద అనుకొని హజరత్తయ్య తోటపల్లి గూడూరు వెళ్ళాడు. వెళ్ళేసరికి వాకిట్లో జనం. ఊరి ఆడవాళ్ళంతా మ్యాచికి రావడానికి బస్సు మాట్లాడుకున్నారు. మాట్లాడింది ఆదిశేషమ్మ.

"వైశాఖంలో మా పెద్దోడి పెళ్ళి అబ్బయ్యా. సారెకు పాకం ఎవుర్ని పట్టమనాలా అని చూస్తాండా. నువ్వు ఆడేది కళ్ళారా చూస్తే నా మనసు కుదుటపడతది. నువ్వు గాని బంతికి జడిసే మనిషివైతే, ఆ పన్ను ఎట్ట ఊడిందో నేను మళ్ళీ మొదట్నించి ఆలోచించుకోవాల" అంది ఆమె.

వకీలు గారికి తట్టని లాపాయింటు ఆదిశేషమ్మకు తట్టింది. హజరత్తయ్య నోట్లో జ్వరం నోట్లోనే ఉండిపోయింది.

అన్నం పెడుతుంటే వెంకటశేషమ్మ వంచిన నెయ్యి కంచంలో కాకుండా పీట మీద పడింది. "నీకు బాగలేకపోతే పోబాక నాయనా. పాకానిదేముంది, ఎవురైనా పడతారు" అంది, తలెత్తకుండా.

పాకం ఎవరైనా పడతారన్న మాట ఆమె నోటి వెంట రావడం అదే మొదలు. హజరత్తయ్యకు ముహూర్తాల రోజుల్లో తలుపేసుకొని, పక్కింటి మేళం వింటూ ఒంటరిగా కూర్చున్న అత్తగారు కళ్ళముందు కనబడింది. అది అతను ఓర్చుకోలేకపోయాడు.

"నాకేం బాగలేకపోవడం. ఆడతాలే అత్తా" అన్నాడు. అన్నాక ఒళ్ళు నిజంగానే వెచ్చబడింది.

ఆదివారం లోపల ఫాస్ట్ బౌలింగు అలవాటు కావాలి గదా. సొంత పెరట్లో జయశీల చేతికి బుట్టెడు నిమ్మకాయలిచ్చి, బలం కొద్దీ విసరమన్నాడు. మొదటి కాయే నుదుటికి తగిలింది. రెండోది కూడా అక్కడే తగిలింది. తల్లికి పాకం ఎంత తెలుసో కూతురికి గురి అంత తెలుసు. "ఇంక ఆపు, నిమ్మకాయలు పాడవుతాయి" అని అతను ప్రాక్టీసు ముగించాడు.

ఆదివారం కాలేజీ మైదానంలో పిచ్ మీద కొబ్బరిపీచు చాప పరిచి మేకులు కొట్టారు. చాప మీద పడ్డ బంతి ఎటు లేస్తుందో వేసినవాడికి కూడా తెలియదని, దాని గొప్పతనమే అదని రంగనాయకులు గారు అందరికీ వివరిస్తున్నారు. ఆయన ఆ రోజు ఆడటం లేదు. హజరత్తయ్య చొక్కా కింద ఒక టవలు చుట్టుకున్నాడు, దాని మీద ఇంకో టవలు చుట్టుకున్నాడు. మొలతాడుకు కసుమూరు తాయెత్తు ఉండనే ఉంది. తలకు కూడా ఏదైనా చుట్టుకోవాలని మనసు పీకింది గాని, తలపాగాతో దిగితే జడిశాడంటారని ఊరుకున్నాడు.

పోలేరయ్య ఎదురొచ్చి రెండు చేతులా నమస్కారం పెట్టాడు.

"అన్నా, మీరు వెస్టిండీస్ వాళ్ళ బౌలింగు ఆడినారంట. నేను వాళ్ళని దూరం నించి కూడా చూసిందిలేదు. ఇయాల మీ ముందర నా బలమంతా పెట్టి వేస్తా. తప్పులుంటే చెప్పండన్నా."

ఇంత మర్యాదగా చంపుతానన్నవాణ్ణి హజరత్తయ్య ఎక్కడా చూడలేదు. "నిదానంగా వేసినా తప్పులు తెలుస్తాయిలే తమ్ముడూ" అని బతిమాలి చూశాడు. అన్న హాస్యమాడుతున్నాడనుకొని పోలేరయ్య నవ్వుకుంటూ వెనక్కి నడిచాడు. నడుస్తూనే ఉన్నాడు. బౌండరీ దగ్గర గొడుగుల కింద కూర్చున్న తోటపల్లి గూడూరు ఆడవాళ్ళు జరిగి అతనికి చోటివ్వవలసి వచ్చింది.

మొదటి బంతి హజరత్తయ్యకు కనిపించలేదు. చెవి పక్కన గాలి రివ్వుమంది, వెనక కీపరు చేతుల్లో చప్పుడైంది. అదరకుండా బెదరకుండా నిలబడ్డాడని జనం చప్పట్లు కొట్టారు. పారిపోవడానికి కాళ్ళు రాలేదని వాళ్ళకేం తెలుసు. రెండో బంతి రెండు టవళ్ళనూ కలిపి డొక్కలోకి దించింది. "డిఫెన్సంటే అదీ" అన్నారు రంగనాయకులు గారు, నీడలో కుర్చీ సర్దుకుంటూ.

ఊపిరి అందక వంగినవాడు ఒకసారి ఆడవాళ్ళ వైపు చూశాడు. వెంకటశేషమ్మ అందరికీ వెనక, పెళ్ళిళ్ళలో నిలబడినట్టే ఓరగా నిలబడి ఉంది. ఆమె ఆట చూడటం లేదు, అతని ముఖమే చూస్తోంది. బ్యాటు పారేసి ఇంటికి పోవాలని హజరత్తయ్యకు ప్రాణం కొట్టుకుపోయింది. పోలేదు. బ్యాటు ఇంకాస్త బిగించి పట్టుకున్నాడు.

మూడో బంతి చాప మీద పడి లేచింది. ఈసారి కనిపించింది. ఎర్రగా, కుట్లతో సహా, పెద్దదవుతూ కనిపించింది. వచ్చి సరిగ్గా మూతి మీద తగిలింది.

హజరత్తయ్య పడిపోయాడు. మైదానంలో అందరూ లేచి నిలబడ్డారు. కదిలింది ఒక్క వెంకటశేషమ్మ. నలుగురికి ఎదురు రావడానికే జంకే మనిషి, చీర ఎగదోపుకొని పరుగెత్తింది, అడ్డమొచ్చిన అంపైరును పక్కకు నెట్టింది, చాప మీద కూలబడి అల్లుడి తల ఒళ్ళో పెట్టుకుంది. జయశీలా, మిగతా ఆడవాళ్ళూ ఆమె వెనకే పరుగున వచ్చి చుట్టూ మూగారు. వెంకటశేషమ్మ ఎవరినీ చూడలేదు. అల్లుడి నోరు తెరిచి, నెత్తురు తుడిచి, వేలితో ఒక్కొక్క పన్నూ తడిమింది.

"ఉండాయి నాయనా, అన్నీ ఉండాయి" అని గొంతెత్తి ఏడ్చింది. "నా నువ్వుండకు పోయిన పన్ను తప్ప అన్నీ ఉండాయి. ఇంక చాలు. నా పాకం మంటగలిసిపోనీ, ఇంటికి పోదాం పా నాయనా."

దగ్గరికొచ్చిన పోలేరయ్య వంగి చూశాడు. పెదవి చీలింది, పన్ను ఒక్కటీ కదల్లేదు. "నా బంతికి కదలని పన్ను మీ ఉండకు పోయిందా అమ్మా?" అని అడిగాడు. పాపం, అతని బాధ అతనిది.

అప్పుడు తెలిసొచ్చింది వెంకటశేషమ్మకు తానేమన్నదో. కొంగు నోట్లో కుక్కుకుంది. రెండేళ్ళు మోసిన అబద్ధం, రెండు టవళ్ళూ, డొక్కలో దెబ్బా, మూతి మీద దెబ్బా, అన్నీ బూడిదలో పోసిన పన్నీరయ్యాయి. అయినా అతనికి అత్తగారి మీద కోపం రాలేదు. మోచేతి మీద లేచాడు.

"అత్తకు భయంలో నోరు తడబడింది. ఆ పన్ను వెస్టిండీస్ ఆయన కొట్టిందే. మద్రాసులో. బంపరు" అన్నాడు. వాచిన పెదవులు కలవక బంపరు కాస్తా వంవరుగా వచ్చింది.

ఎవరూ నమ్మలేదు. రెండేళ్ళుగా నమ్మినవాళ్ళు కూడా అప్పుడే మానేశారు. అందరి కళ్ళూ ఆదిశేషమ్మ వైపు తిరిగాయి. ఆమె ఇన్నాళ్ళు కాచుకున్నది ఈ ఒక్క మాట కోసమే గదా.

ఆదిశేషమ్మ హజరత్తయ్య చొక్కా మీది నెత్తురు చూసింది. తల వంచుకొని కూర్చున్న తోడికోడలిని చూసింది. తరువాత ముక్కు చీది, చుట్టూ ఉన్నవాళ్ళ మీద విరుచుకుపడింది.

"ఏంది అట్ట చూస్తారు? వెస్టిండీసోడే కొట్టినాడు. మద్రాసంతా చూసినారంట. బిడ్డ నెత్తురు చూసి అక్కకు మతి పోయింది, ఏందేందో అంటాంది."

తోటపల్లి గూడూరులో ఆదిశేషమ్మ ఒప్పుకున్నదే సత్యం. ఆడవాళ్ళందరూ అవునవునన్నారు. ఒకరిద్దరికి తాము మద్రాసులో ఉండి చూసినట్టు కూడా గుర్తొచ్చింది. "వాళ్ళ బంపరంటే అట్నే ఉంటాదమ్మా" అని పోలేరయ్య కూడా తన మాట కలిపాడు. అతనికీ మనసు కాస్త తేలికపడినట్టుంది.

ఆదిశేషమ్మ వంగి వెంకటశేషమ్మ రెక్క పట్టుకుంది.

"లే అక్కా, ఎండలో కూర్చోబాక. మా వాడి పెళ్ళికి పాకం పట్టేది నువ్వే. పెరట్లో కాదు, పందిట్లోనే పొయ్యి పెట్టిస్తా. ఎవురేమంటారో నేనూ చూస్తా."

వెంకటశేషమ్మ లేవలేకపోయింది. హజరత్తయ్యే ముందు లేచి, అత్తకు చెయ్యి అందించాడు.